దిగే బండి, ఎక్కే బండి

కృపాదానానికి బండి తోలటం కొత్త కాదు. రంగూనులో బియ్యం మిల్లు లారీ తోలుతూనే అతని జుట్టు నెరిసింది. భారతీయుల్ని బర్మా నుంచి వెళ్లగొట్టినప్పుడు భార్య జీవరత్నంతో ఓడెక్కాడు. లైసెన్సు వెంట తెచ్చుకున్నాడు. దాని మీది గుండ్రటి అక్షరాలు మాచర్లలో ఎవరికీ తెలియవు.

తండ్రిది క్రోసూరు. అక్కడ ఆ ఇంటివాళ్లు ఎవరూ మిగల్లేదు. తెలుగు మాట్లాడటం తల్లి నేర్పింది. చదవటం ఎవరూ నేర్పలేదు.

సాగరు కాలవకు కంకర సరఫరా చేసే కాంట్రాక్టరు ధనుంజయరావు అతణ్ణి క్వారీలో పెట్టుకున్నాడు. క్వారీ లోపల లైసెన్సు అడిగేవాడు లేడు. ఆ వేసవి నుంచి కంకర గురజాల రోడ్డెక్కాలి. రోడ్డు మీద అడుగుతారు.

"వచ్చే నెల లైసెన్సులివ్వటానికి బ్రేకు ఇన్‌స్పెక్టరు మాచర్ల వస్తాడు. ప్రశ్నలు నోటితోనే అడుగుతాడు. నెగ్గావా, కొత్త లారీ నీది. లేదా, బాలశౌరి బామ్మర్దికిస్తా" అన్నాడు ధనుంజయరావు. బాలశౌరి వైపు తిరిగి, "ఈయనకి రోడ్డు రూల్సు పుస్తకం నువ్వే చదివి చెప్పాలి" అన్నాడు.

బాలశౌరి క్వారీలో పాత డ్రైవరు. అతని బామ్మర్ది రాజారత్నం క్లీనరు. ఆ కొత్త లారీ కోసం ఏడాదిగా కాచుకుని ఉన్నాడు.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక లారీ నీడన కూర్చునేవారు. బాలశౌరి నోట్లో బీడీ పక్కకి నెట్టి చదివేవాడు.

"బండి ఎడమ పక్కన తోలాలి. మీ బర్మాలో ఎటు తోల్తారు, నెత్తి మీదనా?"

"ఎడమనే."

"ఒరేయ్ రాజారత్నం, విన్నావా. వాళ్లకీ ఎడమ చెయ్యి ఉందంట."

కృపాదానం నవ్వలేదు. విన్నది విన్నట్టు నోట్లో తిప్పుకున్నాడు. జీవరత్నానికీ చదవటం రాదు. ఇంట్లో బియ్యం చెరుగుతూ, అతను చెప్పిన ప్రశ్నలే తిరిగి అడిగేది. అతను కుడి చెయ్యి చాపి, మడిచి, కిందికి ఆడించి డ్రైవరు సైగలు చూపేవాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూసి, బర్మాయనకు పిచ్చి పట్టిందనుకున్నారు.

ఒకనాడు ఏటవాలు దారి సంగతి వచ్చింది. బాలశౌరి పేజీలోకి చూశాడు. పుస్తకం మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇరుకు దారి. నువ్వు లోడుతో దిగుతున్నావు. కింద నించి ఖాళీ బండి ఎక్కుతోంది. ఎవరాగాలి?"

"ఖాళీ బండి. వెనక్కి పోయి మలుపులో నిలబడాలి."

"అంతే. నీకు చెప్పాల్సిన పనేముంది."

క్వారీ దారిలో రెండు బండ్లు పట్టవు. రాయి నింపుకుని దిగే బండికి బ్రేకు నిలవదు. అందుకని అక్కడ లోడు బండి ఆగదు. ఆ కట్టుబాటు తప్పిన వాణ్ణి మర్నాడు బండెక్కనివ్వరు. రంగూనులో నేలంతా చదును. ఏటవాలు గురించి కృపాదానం నేర్చుకున్నదంతా ఇక్కడే. ప్రభుత్వం రాసిందీ ఇదేననుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ట్రావెలర్స్ బంగళా వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. మొదట రాజారత్నాన్ని పిలిచి, అడగాల్సినవి అడిగి, నెగ్గావని పంపించాడు. తర్వాత కృపాదానం వంతు వచ్చింది. చేతి సైగలు, బడి ముందు వేగం, రాత్రి దీపాలు, అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. చివరికి ఇన్‌స్పెక్టరు ఇరుకు ఏటవాలు దారి సంగతి అడిగాడు.

"పైకొచ్చేవాడు ఆగాలండి. వెనక్కి పోవాలి."

"ఎక్కే బండిని ఆపమంటావా?"

"దిగేది లోడు బండండి."

"ఏదైతేనేం. దిగేవాడే దారివ్వాలి. పుస్తకం చూశావా అసలు?"

"చదివించుకున్నానండి."

"ఎవరిచేత?"

కృపాదానం మెట్ల కింద నిలబడ్డ బాలశౌరిని చూశాడు. బాలశౌరి లారీ టైరు వంక చూస్తున్నాడు.

"ఇంట్లో వాళ్లచేత" అన్నాడు కృపాదానం.

"మూడు నెలలాగి రా."

కృపాదానం మెట్లు దిగి బాలశౌరి ఎదుట నిలబడ్డాడు. "పుస్తకంలో అట్లా లేదు గదా."

"నేను అబద్ధం చెప్పానా? క్వారీలో అట్లా తోలట్లేదా మనం?"

"పుస్తకంలో ఏముందని అడిగాను."

"నువ్వు చెప్పిందానికి ఔనన్నా. అంతే."

"నీకు తెలుసు."

"తెలిస్తే? ఎక్కడో ఓడ దిగొచ్చి మావాడి బండెక్కుతానంటివి. దండేసి ఎక్కించమంటావా?"

కృపాదానం చెయ్యి చాపాడు. "పుస్తకం ఇటివ్వు."

"చదవటం రాదు, ఏం చేసుకుంటావు?"

"నీ నోటితో మాత్రం వినను."

బాలశౌరి దాన్ని మట్టిలో వేశాడు. కృపాదానం వంగి తీసుకున్నాడు.

మర్నాడు రాజారత్నం కొత్త లారీ ఎక్కాడు. క్వారీ లోపల తోలే పని ఇక లేదు, కృపాదానాన్ని ఆ బండికి క్లీనరుగా ఉండమన్నాడు ధనుంజయరావు. అతను ఒప్పుకోలేదు.

"మూడు నెలలు ఏం తింటావు?"

"రాయి కొడతా."

ఆడవాళ్ల వరసలో చివర కూర్చున్నాడు. అతను కొట్టిన కంకర ఆ లారీకే ఎత్తేవారు. రాజారత్నం కిటికీలోంచి తల బయటికి పెట్టి, "డ్రైవరు గారూ, సన్నగా కొట్టండి, టైర్లకి గుచ్చుకుంటాయి" అనేవాడు. కృపాదానం తలెత్తేవాడు కాదు.

పక్కన కొట్టేది సారమ్మ. ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదివేది ఆమే. కృపాదానం పుస్తకం ఆమె ముందు పెట్టాడు.

ఆమె రెండు పేజీలు తిప్పి చూసింది. "దీంట్లో దేవుడి మాట ఒక్కటీ లేదే. నాకెందుకయ్యా ఇది?"

"చదివి పెట్టు."

"నేను చదువుతా కూర్చుంటే నా కుప్ప ఎవడు కొడతాడు? నీ పెళ్లామా?"

కృపాదానం ఆమె ముందున్న రాళ్లను తన వైపు లాక్కున్నాడు. సుత్తి ఎత్తాడు.

సారమ్మ తన సుత్తి పక్కన పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఒక్కసారే చదువుతా. మళ్ళీ చెప్పమంటే చెప్పను" అని మొదటి పేజీ తీసింది.