తొమ్మిదో ఫారం

పబ్లిషర్ నారాయణస్వామిని చంపింది బైండింగు పాపమ్మేనని మొదట కుప్పంలో అనుకున్నారు. తర్వాత పుంగనూరులో అనుకున్నారు. ఆఖరుకు ఆ మాట మదనపల్లెకే తిరిగొచ్చి, టమోటా మార్కెట్టు ముందున్న టీ అంగట్లో కూర్చుంది.

"కాఫీలో మైలుతుత్తం కలిపిందంటప్పా."

"నీకెవురు జెప్పిరి?"

"ఒకరు జెప్పేదేంది? పుస్తకంలోనే ఏసుండారు. వాట్సాపులో రాలేదా నీకు? అచ్చయిన మాట అబద్ధమెట్లయితాది?"

నారాయణస్వామి గుండెజబ్బుతో బెంగుళూరు ఆస్పత్రిలో పోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారులో ముందు సీట్లో కూర్చుని మరీ వెళ్ళాడు. అది వీధంతా చూసింది. కానీ చూసినదానికంటే చదివినదాన్నే జనం ఎక్కువ నమ్మారు.

వాళ్ళు చదివింది 'జిగురు గిన్నె' అనే డిటెక్టివ్ నవల. రాసినాయన కుప్పం మధుసూదన్. పుస్తకాలు వేసే ఆఫీసులో హత్య జరిగినట్టు రాయాలని, ముందుగా నారాయణస్వామి ప్రెస్సులో ఓ మూల స్టూలు వేసుకుని కొన్నాళ్ళు కూర్చున్నాడు. పాపమ్మ తెప్పించిన టీ తాగుతూ ఆమెనే చూశాడు. మైదా జిగురుకు పురుగు పట్టకుండా ఆమె చిటికెడు మైలుతుత్తం వేయడం చూశాడు. కుట్టు ఆపినప్పుడల్లా దబ్బనాన్ని కొప్పులో గుచ్చుకోవడం చూశాడు. నవలలో ఓనరు మైలుతుత్తం కలిసిన కాఫీ తాగి చనిపోతాడు. బైండింగు మనిషి చెంగమ్మ కొప్పులో దబ్బనం ఉంటుంది. నూట ఇరవై ఎనిమిదో పేజీ అడుగున డిటెక్టివ్ చెయ్యి చాపి, "ఆ మైలుతుత్తం డబ్బా ముట్టేది ఈ ఆఫీసులో ఒక్కరే. ఈమే!" అంటాడు. ఆ తర్వాత వెనక అట్ట.

పుస్తకం బయటికొచ్చి ఈ మాట ఊళ్ళు తిరిగేటప్పుడు పాపమ్మ పుంగనూరులోనే, కూతురి ఇంటి గుమ్మం దాటకుండా ఉంది. నారాయణస్వామి దినం అయిపోయాక కూతురు వాణి పురుటికని వెళ్ళింది. మనవరాలికి స్నానాలు పోసి, వాణికి బాలింత కారాలు పెట్టి, మనసు నిండుగా మదనపల్లె బస్సు దిగింది. ఆటోవాడు ఆమె కొప్పులో అలవాటుగా ఉన్న దబ్బనం వైపు చూసి, "ఈ ఆటో రాదు, వేరేది చూసుకో" అన్నాడు.

ప్రెస్సులో నారాయణస్వామి కొడుకు చైతన్య ఆమెను చూసి తల వంచుకున్నాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. కొన్నాళ్ళు ఇంటికాడే ఉండు. నువ్వుంటే నోటుపుస్తకాల పని ఇచ్చేది లేదంటాండారు బడోళ్ళు."

"ఎన్నాళ్ళు?"

"ఊరు సల్లబడేదాకా."

పాపమ్మ చెప్పులు విడిచింది. కిటికీ కింద ఉన్న తన చాప మీద కొత్తగా ఎవరో అట్టముక్కలు పోసి ఉన్నారు. వాటిని పక్కకు తోసి కూర్చుంది. పెళ్ళయిన ఏడాదే కూలికి వచ్చి కూర్చున్న చోటు అది. అక్షరాలు కూడా అక్కడే, మడత పెట్టే కాగితాల మీదే కూడబలుక్కుని నేర్చుకుంది. ఆ చాప పోతే ఆమెకు పనొక్కటే కాదు, ఊళ్ళో నిలబడే చోటు కూడా పోతుంది.

"నేను ఇంటికాడుంటే నేనే సంపినట్ల గదప్పా. నేను పోను. నన్ను పట్టిచ్చిన ఆ పుస్తకమేదో ఇట్లియ్యి, సూస్తాను."

చైతన్య ఒక కాపీ ఇచ్చాడు. పాపమ్మ చివరి పేజీ తీసింది. పెదవులు కదుపుతూ "ఈమే!" వరకూ చదివింది. వెనక అట్ట చూసింది. మళ్ళీ పేజీ చూసింది. కోపం రావలసిన ముఖానికి నవ్వొచ్చింది.

"తొమ్మిదో ఫారం యాడప్పా?"

"తొమ్మిదేంది? రేకుల షెడ్డులో ఎనిమిది కట్టలే గదా ఉండింది."

ప్రెస్సులో ఒక పద్ధతి ఉందని చైతన్యకు తెలియదు. అతను పెళ్ళిపత్రికలు, కాలెండర్ల పని చూసుకునేవాడు. నవలల జోలికి పోయేవాడు కాదు. పదహారు పేజీలు పడే ఒక్కో పెద్ద కాగితాన్ని వాళ్ళు ఫారం అంటారు. డిటెక్టివ్ పుస్తకమైతే నారాయణస్వామి చివరి ఫారాన్ని మడత పెట్టే షెడ్డులోకి పంపేవాడు కాదు. ఒకసారి మడత పెట్టే ఆడవాళ్ళు హంతకుడి పేరు టీ అంగట్లో చెప్పేశారు. ఆ పుస్తకం కట్టలు కట్టలుగా వెనక్కొచ్చింది. అప్పట్నుంచి చివరి ఫారాన్ని తన గదిలో, తలుపు వేసి, పాపమ్మ ఒక్కదానిచేతే మడత పెట్టించేవాడు. ఆ కట్టలు బీరువాలో ఉండేవి. మిగతా పని అంతా అయ్యాకే అవి బయటికొచ్చేవి.

బెంగుళూరు వెళ్ళే రోజు ఆయన బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. తాను లేకుండా ఆ పుస్తకాన్ని ఎవరూ ముట్టరనుకుని, ఆమె దాన్ని కొంగున కట్టుకుని పుంగనూరు వెళ్ళిపోయింది. తండ్రి సంతాపసభకు పుస్తకం తేవాలని చైతన్య ఎవరినో కూలికి పిలిచి, ఉన్న ఎనిమిదీ కుట్టించేశాడు. కాపీలు అందుకున్న మధుసూదన్, అట్ట మీద పేరు చూసుకుని మురిసి, విప్పకుండానే అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. ఊళ్ళో మాట చెవిన పడినా, జనం ఇంకా చివరిదాకా చదవలేదనుకున్నాడు.

పాపమ్మ కొంగుముడి విప్పి నారాయణస్వామి గదిలో బీరువా తాళం తీసింది. కట్టలు ఆమె కట్టిన దారంతోనే ఉన్నాయి. చైతన్య ఒకటి లాగి, నిలబడే గబగబా చదివాడు.

"అక్కా, సంపింది నువ్వు కాదక్కా!"

"ఆ సంగతి నాకు జెప్తాండావా?"

"సంపింది ఎవురంటే..."

"నోరు మూసుకోప్పా! గోడకవతల ఆడోళ్ళుండారు. మీ నాయన ఉంటే చెంప పగలగొట్టేవాడు."

చైతన్య వాట్సాపులో ఒక మాట పెట్టి వదిలేద్దామన్నాడు. పాపమ్మ ఒప్పుకోలేదు. పుస్తకం ఎక్కడ తెగిందో అక్కడే కుట్టాలంది. మదనపల్లె కాపీలు తన చాప మీదే కుట్టి, టమోటా క్రేటులో మిగతా ఫారాలు, జిగురు, దారం సర్దుకుని బస్సెక్కింది. పుంగనూరులో ఉన్న కొన్ని కాపీలు వాణి ఇంటి గుమ్మంలోనే కుట్టింది.

"కుప్పం పోతే ఆ ఊరోళ్ళు నిన్ను ఏమన్నా అంటారేమోమా," అంది వాణి, బిడ్డను ఊపుతూ.

"అననీలే. పుస్తకాలు మాత్రం తెచ్చిస్తే చాలు."

కుప్పం బస్టాండు పక్కన అద్దెకు పుస్తకాలిచ్చే ఎల్లప్ప, దబ్బనం ఉన్న కొప్పును చూడగానే లేచి నిలబడ్డాడు. మర్యాదకు రెండు కాఫీలు చెప్పాడు కానీ తన గ్లాసును చేతిలోంచి కింద పెట్టలేదు.

"తాగు ఎల్లప్పా, భయపడొద్దు. నా రెండు చేతులకూ పనుండాది."

ఆమె అంగడి ముందు గోనె పరుచుకుంది. అట్ట ఊడదీసి, తొమ్మిదో ఫారం చేర్చి కుట్టి, జిగురు పూసి, మీద రాయి పెట్టింది. మిగిలిన పేజీలు వచ్చాయని విని జనం పుస్తకాలతో వచ్చారు. పేరు పెట్టి తిట్టినవాళ్ళే "నాది ముందు కుట్టు పాపమ్మా" అని తోసుకున్నారు. తడి ఆరకముందే ఒకాయన చివరిదాకా చదివి, తొడ చరుచుకుని నవ్వాడు. సాయంత్రానికి మధుసూదన్ కూడా తన కాపీలు మోసుకొచ్చి, అద్దాల బీరువాలో పెట్టి విప్పనే లేదని చెప్పుకుంటూ వరసలో నిలబడ్డాడు. పాపమ్మ తల ఎత్తకుండానే అంది:

"మీవి ఆఖర్న సార్. అద్దాల బీరువాలో ఉండేటివి గదా, తొందరేముండాది?"

అంతలోనే ఎల్లప్ప అంగట్లో కొత్త మాట పుట్టింది. పాపమ్మకు హంతకుడెవరో మొదట్నుంచీ తెలుసనీ, తెలిసే ఇన్నాళ్ళూ గుట్టుగా ఉందనీ.

"ఎంత గట్టి గుండె తల్లీ నీది! మమ్మల్నందర్నీ ఆడిచ్చినావే!" అన్నాడు ఎల్లప్ప.

పాపమ్మ దారం కొరికి, దబ్బనాన్ని కొప్పులో గుచ్చుకుంది. క్రేటు చంకన పెట్టుకుని మదనపల్లె వైపు బస్సు కోసం చూసింది. పొద్దున్నే చాప మీద, బడివాళ్ళు మళ్ళీ ఇచ్చిన నోటుపుస్తకాల పని ఉంది.

మడత పెట్టేటప్పుడు చదవొద్దని నారాయణస్వామి చెప్పి ఉన్నాడు. ఆ పదహారు పేజీల్లో ఒక్క వాక్యం కూడా ఆమె అప్పుడు చదవలేదు, ఇప్పటికీ చదవలేదు.