మూడో పిలుపు

నా చిన్నప్పుడు మేము దుబాయ్‌లో, కరామాలో ఉండేవాళ్లం. కరామాకి మెట్రో ఇంకా రాని రోజులవి. నాన్న ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో డ్రాయింగులు గీసేవారు. అమ్మ ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునేది. రెండు గదుల ఫ్లాటులో ఒక గది నాదీ మా నాయనమ్మదీ. శ్రీకాకుళం తీరంలోని మా ఊరి నుంచి నాన్న ఆమెను తన వీసా మీద తెచ్చుకున్నారు. మనవరాలి కోసం వచ్చానని అందరితో చెప్పేది గాని, అది మర్యాదకి చెప్పే మాట. ఆమె వచ్చింది మా బాబాయి కోసం.

బాబాయిది ఓడ ఉద్యోగం, ఇంజను గదిలో. పెళ్లి కాలేదు. ఓడ జెబెల్ అలీ రేవుకి చేరినప్పుడు ఒక పూట సెలవు దొరికితే చాలు, టాక్సీ ఎక్కి మా ఇంటికి వచ్చేసేవాడు. ఊళ్లో ఉంటే ఏ రెండేళ్లకో కనబడే కొడుకు ఇక్కడైతే తరచూ కనబడతాడని నాయనమ్మ ఆశ. వచ్చిన ప్రతిసారీ ఆమె కరామా చేపల మార్కెట్టుకి వెళ్లి, అక్కడి మలయాళీ కుర్రాడితో తన భాషలోనే బేరమాడి, చేపలు తెచ్చి పులుసు పెట్టేది. బాబాయి తిని, కాసేపు నిద్రపోయి, నా జడ లాగి వెళ్లిపోయేవాడు.

ఒకసారి యూరప్ వైపు వెళ్తున్న ఓడలో, తెల్లవారాక మనుషుల్ని లెక్క చూసుకుంటే బాబాయి లేడు. రాత్రి డెక్కు మీదికి గాలికోసం వచ్చాడని ఒకరన్నారు. ఇంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. ఇంగ్లండ్ తీరానికి దగ్గరగా వెతికారు, దొరకలేదు, వెతకడం మానేశారు. ఓడ ఏజెంటు నాన్నకు ఫోను చేసి, చెప్పాల్సిందంతా చెప్పి, చివర్లో ఖలాస్ అన్నాడట. మా ఇంటి కింద కొట్టువాడు పాలు అయిపోతే అనే మాట అది. మనిషి గురించి కూడా అంటారని నాకు అప్పుడే తెలిసింది.

నాయనమ్మ ఏడవలేదు. ఫ్లాటు తలుపుకి లోపల గడియ పెట్టనివ్వడం మానేసింది. రాత్రిపూట అమ్మ గడియ పెడితే, లేచి తీసేసి పడుకునేది. శుక్రవారం వచ్చిందంటే నన్ను వెంటబెట్టుకుని, ఊరి మధ్యకి వచ్చిన సముద్రపు పాయ, క్రీక్ దగ్గరికి బయలుదేరేది. అక్కడ రేవు దాటించే చిన్న పడవలు, సరుకుల పడవలు. ఒక పఠాన్ పడవవాడితో ఎలా పరిచయం చేసుకుందో గాని, మావాడొచ్చాడా అని వాణ్ణి ప్రతిసారీ తెలుగులోనే అడిగేది. వాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నహీ ఆయా అమ్మా", రాలేదమ్మా, అనేవాడు. వాడికి ఏం అర్థమైందో, ఎవరు రావాలనుకున్నాడో మాకు తెలియదు.

నాన్నకి ఇది గుండెల మీద బరువైపోయింది. శవం లేదు కాబట్టి కర్మ చెయ్యలేదు. కర్మ చేద్దామంటే తల్లి ఒప్పుకోదు. ఊరి పురోహితుడు ఫోనులో, ఇలా ఎన్నాళ్లు ఆపుతారు బాబూ, పిల్లాడికి గతులుండొద్దూ అనేవాడు. నాయనమ్మ ఆ ఫోను వింటూనే బియ్యంలో రాళ్లు ఏరుకునేది. ఒకరోజు నాన్న, కొడుకు లేడన్న సంగతి నీకెలా చెప్పాలమ్మా అని గట్టిగా అరిచి, వెంటనే సిగ్గుపడి స్నానాల గదిలోకి వెళ్లిపోయారు. మా ఇంట్లో ఆ సంవత్సరమంతా అలా గడిచింది. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు, అయినా ఎవరమూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

అప్పుడు నాన్న ఒక ఉపాయం పన్నారు. ఆయన ఏదైనా పన్నితే అది గీత గీసినట్టు ఉండాలి. వేసవిలో కంపెనీ ఆయనను ట్రైనింగ్ మీద ఇంగ్లండ్ పంపింది. అమ్మకి సెలవు దొరకలేదు. నన్నూ నాయనమ్మనూ వెంట తీసుకెళ్తాను, పాపం పెద్దావిడ నాలుగు ఊళ్లు చూస్తుంది అన్నారు. అసలు సంగతి నాకు అమ్మ చెప్పింది, నాయనమ్మతో అనొద్దని ఒట్టు వేయించుకుని. బాబాయి పోయాడని ఓడ కంపెనీవాళ్లు చెప్పిన చోటుని నాన్న మ్యాపు మీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి ఒడ్డుకి గీత గీశారు. ఆ గీత ఒక పల్లెలో ఆగింది. ఆ పల్లెలో పాత చర్చి ఉంది, దాని రాతిగోపురాన్ని చూసుకునే ఆ దారిన ఓడలు నడుపుతారట. అంటే బాబాయి చివరిసారి చూసిన నేల ఏదైనా ఉంటే అది ఆ గోపురమే. అక్కడికి తీసుకెళ్తే నాయనమ్మ మనసు ఒప్పుకుంటుంది, అక్కడే నువ్వులు నీళ్లు వదిలేయొచ్చు అని నాన్న ఆశ. ఒక హార్లిక్స్ డబ్బాలో నువ్వులూ దర్భలూ పోసి, సూట్‌కేసు అడుగున, తన షర్టుల కింద దాచారు.

ట్రైనింగ్ మధ్యలో ఒక ఆదివారం అద్దె కారులో బయలుదేరాం. దారంతా పచ్చటి గడ్డి, గొర్రెలు, రాళ్ల గోడలు. నాయనమ్మ చీర మీద అమ్మ కోటు తొడుక్కుని, కిటికీలోంచి చూస్తూ ఒకటే మాట అంది. "ఇంత పచ్చగుంది, మనుసులేరే?" నిజంగానే మనుషులు లేరు. ఆ పల్లెకి చేరితే అక్కడా అంతే. ఒక్కటే వీధి, పది పన్నెండు ఇళ్లు, మూసేసిన బడి, దాని పక్కన చర్చి. చర్చి వెనక పొలం, పొలం తెగిపోయిన చోట సముద్రం. మా ఊరి సముద్రంలా నీలంగా లేదు, బూడిదరంగులో ఉంది. నాయనమ్మ కారు దిగి దాన్ని చాలాసేపు చూసింది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాన్నను కంగారు పెట్టింది. కారు సరిగ్గా ఆపలేదంటూ మళ్లీ కారు దగ్గరికే వెళ్లి అక్కడే తచ్చాడారు.

చర్చి ఆవరణలో రబ్బరు బూట్లు వేసుకున్న ఒక ముసలావిడ సమాధుల మధ్య గడ్డి పీకుతోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుని వచ్చింది. చర్చి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందట. నా జానెడంత ఉన్న ఇనుప తాళంచెవి అది. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది. దుబాయ్ అన్నాను. అంత దూరం నుంచి మా ఊరికా అని ఆశ్చర్యపోయింది. ఎందుకొచ్చామో నేను చెప్పేశాను. అమ్మ వేయించుకున్న ఒట్టు తెలుగులో చెప్పొద్దని మాత్రమే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ నాయనమ్మ వైపు చూసింది, మట్టి అంటిన చేతితోనే ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

లోపల చల్లగా, తడిగోడల వాసన. ఎన్నో వందల ఏళ్ల గుడి అంది ఆవిడ. గోడకి ఒక నల్లరాతి పలక, దాని మీద వరసగా పేర్లు. ఈ ఊరివాళ్లు ఒకప్పుడు చేపలు పట్టేవాళ్లు, వీళ్లందరూ సముద్రంలో పోయినవాళ్లు అని చెప్పింది. నాయనమ్మ నన్ను ఆ పేర్లు చదవమంది. నేను చదువుతుంటే ఆమె వేలు ఒక్కో పేరు మీదా పెట్టింది. ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ వస్తోంది. తండ్రీకొడుకులూ అన్నదమ్ములూ అయ్యుంటారు.

"ఈల్ల శవాలు దొరికాయేటో అడుగమ్మా" అంది నాయనమ్మ.

అడిగాను. దొరికినవాళ్లు బయట మట్టిలో ఉన్నారు, దొరకనివాళ్ల పేర్లు ఈ గోడ మీద ఉన్నాయి అంది ఆవిడ. అదే తెలుగులో చెప్పాను. నాయనమ్మ వేలు ఆ రాతి మీద ఉన్నచోటే ఆగిపోయింది. అప్పుడు నాకు భయం వేసింది. నా చేత్తోనే ఏదో పగలగొట్టినట్టు అనిపించింది.

బయటికి వచ్చేటప్పుడు ఆవరణ గేటు దగ్గర ఆగాం. వచ్చేటప్పుడు దాన్ని సరిగా చూడలేదు. గేటు మీద పెంకుల కప్పు, రెండు పక్కలా బల్లలు, మధ్యలో ఎత్తుగా నున్నటి రాయి. వానొస్తే నిలబడడానికి కట్టారేమో అనుకున్నాను. ఎందుకని అడిగితే, పాతరోజుల్లో దూరపు పొలాల నుంచి శవపేటికను భుజాల మీద మోసుకొచ్చి ఈ రాయి మీద దించేవాళ్లు, పాదిరి వచ్చేదాకా మోసినవాళ్లు ఈ బల్లల మీద కూర్చునేవాళ్లు అని ఆవిడ చెప్పింది.

తెలుగులో చెప్పగానే నాయనమ్మ తల పైకెత్తింది. "దింపుడు కల్లం" అంది. "ఈల్లకీ ఉందన్నమాట."

నాకు ఆ మాట అప్పటికి తెలియదు. నాయనమ్మే చెప్పింది, వంట నేర్పినంత మామూలుగా. శ్మశానానికి తీసుకెళ్లే దారిలో ఒకచోట పాడె దించుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందని. పలకదని అందరికీ తెలుసు, అయినా పిలుస్తారు. మూడోసారికీ పలక్కపోతే, ఇక ఎత్తుకుని వెళ్లిపోతారు.

అప్పటికి నాన్న కారు దగ్గర్నుంచి వచ్చారు. నాయనమ్మ ఆ బల్ల మీద కూర్చుని, సముద్రం వైపు తిరిగి, బాబాయిని ఇంట్లో పిలిచే పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు ఇక్కడ రాయను. కేక కాదు, అన్నం వడ్డించి పిలిచినట్టు పిలిచింది. గాలి తప్ప ఏమీ లేదు. రబ్బరు బూట్ల ఆవిడ తల వంచి నిలబడింది. ఏం జరుగుతోందో ఆమెకెవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. నాయనమ్మ కాస్త ఆగి రెండోసారి పిలిచింది. నాన్న కళ్లు మూసుకున్నారు. మేమంతా మూడోదానికోసం చూస్తున్నాం.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "పదరా, నీళ్లకాడికి ఎల్దాం. డబ్బా తెచ్చుకో" అంది.

నాన్న మొహం చూడాలి. ఏ డబ్బా అని కూడా అడగలేకపోయారు. కారులోంచి హార్లిక్స్ డబ్బా తెచ్చి, పొలం పక్కగా కిందికి దిగే బాట పట్టారు. నీళ్ల దగ్గర మూత తీస్తే, నువ్వుల మీద ఒక చిన్న గుడ్డమూట. విప్పితే బియ్యం.

"నువ్వులెట్టుకున్నావు గాని, బియ్యం మర్సిపోనావు" అంది నాయనమ్మ. "పంచి నా సంచీలో ఉంది, తీసి కట్టుకో. పేంటుతో సేస్తారేటిరా."

ఎన్నాళ్ల నుంచి తెలుసో ఆమెకి. దుబాయ్‌లోనే తెలుసు. ఆ డబ్బా దాచిన రోజే తెలుసేమో. ఆమెకు తెలియదనుకుని మేం జాగ్రత్తపడ్డాం, మాకు తెలియనివ్వకుండా ఆమె జాగ్రత్తపడింది. గడియ తీసేసి పడుకున్న రాత్రులన్నీ, క్రీక్ దగ్గర అడిగిన శుక్రవారాలన్నీ, బాబాయి రాడని తెలిసే చేసింది. నాన్న ఆ చలిలో పంచె కట్టుకుని, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, తమ్ముడికి నువ్వులూ నీళ్లూ వదులుతూ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నేను చూడడం అదే మొదటిసారి. నాయనమ్మ ఒడ్డున నా చెయ్యి పట్టుకుని నిలబడింది. చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

తిరిగి పైకి ఎక్కేసరికి చర్చి ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. పాలూ చక్కెరా సరిపోలేదని నాయనమ్మ నాతో అంది, అయినా తాగింది. గేటు దాటుతుంటే నాన్న ఆగి, తడి పంచెతో వణుకుతూనే అడిగారు, మూడోసారి పిలవలేదేంటమ్మా అని.

"అదీ పిలిసేస్తే నాకాడ ఇంకేటుంటాదిరా? ఆడు రాడని నాకు తెల్దేటి. పిలవడానికొకటుండనీ."

నాన్న వంగి తడి పంచె అంచు పిండుకుని కారు తలుపు తీశారు.

దుబాయ్ వచ్చాక రాత్రిళ్లు తలుపు గడియ నాయనమ్మే పెట్టేది. శుక్రవారాలు క్రీక్ దగ్గరికి వెళ్లడం మానేసింది. నాన్న ఉపాయం ఫలించిందని అమ్మ సంతోషించింది. నాకు మాత్రం ఆ గడియ చప్పుడు వినలేక దుప్పటి కప్పుకోవాలనిపించేది. ఆమె నెమ్మదించింది అనుకున్నారు అందరూ. నెమ్మది కాదది. అడగడానికి ఇక ఏమీ లేకపోవడం. చేపల పులుసు మళ్లీ వండలేదు. కొన్నాళ్లకి ఊరు వెళ్లిపోతానంది, వెళ్లింది, అక్కడే పోయింది. పాడె దించినచోట నాన్న ఆమె చెవిలో మూడుసార్లూ పిలిచారట. ఆమె తన మూడో పిలుపు ఎప్పుడైనా వాడుకుందో లేదో మాలో ఎవరికీ తెలియదు.

ఆ పల్లె పేరు నాకు గుర్తుంది, మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లాలని లేదు. ఆశ పూర్తిగా పోయిన మనిషి కూడా ఒకటి దాచుకోవచ్చని, దాచుకున్నంత మాత్రాన ఏదీ తిరిగి రాదని, ఆ రెండూ నేను ఆ గేటు దగ్గరే నేర్చుకున్నాను. మొదటిదాని కంటే రెండోది నేర్చుకోవడం కష్టం.

పోయిన ఏడాది నాన్న షార్జాలో ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇక చెయ్యగలిగింది ఏమీ లేదన్నాడు. లోపలికి వచ్చి మంచం పక్కన వంగి, నాన్నా అన్నాను. పలకలేదు. కాసేపు ఆగి మళ్లీ అన్నాను. నర్సు దయగల పిల్ల, ఇంకోసారి పిలవండి, వినబడుతుందేమో అంది. నేను తల అడ్డంగా ఊపి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మూడోది పిలవలేదు. ఇప్పటికీ పిలవలేదు.