దేవుడి కుండలో పిడికెడు జొన్నలు

మొన్న శుక్రవారం తెల్లవారుజామున మా పెద్దమ్మ కన్నుమూసింది. కబురు అంది, చిలకలూరిపేట నుంచి బస్సులో వచ్చి ఇంటికి చేరేసరికి మా ఏసు గుడి సంఘపెద్ద గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. కండువా అయితే పెద్దదే. కన్నీళ్ళే నాకు కనపడలేదు.

ఆవిడను ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. మిరపకోతలకు కూలికి పోయే మనిషి. మా గుడి ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఎసరు పెట్టగానే వండబోయే గింజల్లోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. ఆదివారం అది గుడికి చేరుతుంది. పిడికెడు బియ్యమని పేరేగాని మా మెట్ట ఊళ్ళో బియ్యం ఎక్కడివి, జొన్నలే. "దేవుడికి తీసేటప్పుడు వేళ్ళు బిగించకూడదే" అనేది నాతో.

పాతికేళ్ళ కిందట, స్వరాజ్యం వచ్చిన కొత్తలో, పక్కింట్లో దూది ఏకే సాయిబు కుటుంబమంతటికీ మశూచి సోకింది. ఊరు ఆ వీధి తొక్కడం మానేసింది. సంఘపెద్దగారు వాళ్ళ కోసం ప్రార్థన చేశారు, తన ఇంటి తలుపులు బిగించుకుని. మా పెద్దమ్మ దేవుడి కుండ బోర్లించి, జొన్నలు దంచి, గంజి కాచి పట్టుకెళ్ళింది. ఆ ఇల్లు కోలుకునేదాకా గుడికి ఆవిడ కుండ చేరలేదు.

పంచాయితీ పెట్టారు. పొరుగువాణ్ణి ప్రేమించమని ఆదివారమాదివారం గొంతు చించుకునే పెద్దమనుషులు, ఆ పొరుగువాడు నిజంగా పక్కింటివాడేనని తేలేసరికి మండిపడ్డారు.

"దేవుడి గింజలు తురకలకు పోస్తావా?" అన్నాడు సంఘపెద్ద.

"దేవుడి కుండలో గింజలు ఉడకవు కదయ్యా. వాళ్ళ కుండలో ఉడికాయి."

తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నారు. ఆ రొట్టె, ద్రాక్షరసం అందుకోవడమే ఆవిడ బతుక్కి పండగ. అది తెలిసే అక్కడ కొట్టారు. ఆవిడ ఒప్పుకోలేదు. బల్ల జరిగిన ప్రతిసారీ గుడి అరుగు మీద కూచుని పాట అందుకునేది. ఇంటికొచ్చాక మాత్రం ఏడ్చేది. వాళ్ళ మీద కోపం లేదే, ఆ రొట్టె మీదే బెంగ అనేది. కోపమంతా నాకు వదిలిపెట్టింది. చచ్చేదాకా ఆ రొట్టె ముక్క ఆవిడ నోటికి అందనివ్వలేదు, సిగ్గులేని జన్మలు.

సమాధి దగ్గర అదే సంఘపెద్ద, అదే నోటితో, ఈ తల్లి మనకు ప్రేమ నేర్పిందని ప్రసంగం చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

చావింట పొయ్యి వెలగదు కనుక, వచ్చినవాళ్ళందరికీ సాయిబు భార్య మస్తానమ్మ వండింది. ఆనాడు మశూచి నుంచి బయటపడి, ముఖం నిండా మచ్చలతో మిగిలిన మనిషి. జొన్నన్నం, పప్పుచారు. సంఘపెద్ద ఆవురావురుమంటూ తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు. తింటూ తింటూ, ఇంతమందికి గింజలెక్కడివమ్మా అని అడిగాడు.

మస్తానమ్మ వడ్డన ఆపలేదు.

"అక్క దగ్గర నేర్చుకున్నానయ్యా. అప్పట్నుంచీ ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు తీసి దాస్తన్నా. దేవుడి కుండలోవే."

ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది. మస్తానమ్మ వేళ్ళు బిగించకుండా ఆయన విస్తట్లో ఇంకాస్త అన్నం పెట్టి, పక్క విస్తరి దగ్గరికి వెళ్ళింది.