చీర మడతలో పవర్ బ్యాంకు

నాగర్‌కర్నూలులో చీరలకు ఫాల్ కుట్టి, కొంగులకు కుచ్చులు కట్టి బతికే మనిషిని నేను. యాభై దాటినా విమానం గాలి సోకలేదు. అలాంటిది పోయిన చలికాలంలో ఢిల్లీ ప్రయాణం పడింది. దానికి కారణం రాజోలి నేతగాడు నర్సింహులు. అతని మగ్గం మీద దిగిన గద్వాల చీరలకు కుచ్చులు కట్టేది నేనే. ఢిల్లీలో చేనేత దుకాణం నడిపే ఒకావిడ అంతకుముందు అతని చీర తెప్పించుకుని తడిపి చూస్తే, ఎర్రంచు రంగు తెల్లటి నూలు మీదికి దిగిందట. ఇంకొక్క అవకాశం ఇస్తాను, చీర నువ్వే పట్టుకురా, నీ ముందే తడుపుతాను అని ఆవిడ రెండు టిక్కెట్లు పంపింది. రంగు నిలిస్తే ఏడాది పొడుగునా పని. నిలవకపోతే ఉన్న ఒక్క మగ్గాన్నీ విప్పి మూలకు పెట్టాల్సిందే.

"నాకు హిందీ రాదక్కా. నువ్వు రావాలె. అడగనీకె నీ అంత నోరు ఎవలికున్నది?" అన్నాడు ఫోనులో. పొగిడాడో తిట్టాడో తెలియలేదు గానీ, విమానం మాట వినగానే నేను సంచి సర్దుకున్నాను.

పొద్దున ఏడు గంటలకు నాగర్‌కర్నూలు బస్టాండులో వనపర్తి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టిక్కెట్టు చేతిలో పెట్టాడు. ఢిల్లీ దాకా ఇట్లాగే పోనిస్తే ఎంత బాగుండునో అన్నాను. "జర ఓపిక పట్టమ్మా, అది కూడ ఇస్తరేమో," అని నవ్వాడు. వనపర్తిలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, గద్వాల బస్సు పట్టుకున్నాను. పక్క సీటులో వేరుశనగ మూటతో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. నా ప్రయాణం సంగతి విని అడిగాడు: "ఢిల్లీకి చీరలా? ఆడ చలికి స్వెట్టర్లు తొడుగుతరు గాని చీరెవలు కడతరమ్మా?" ఆ అనుమానం నాకూ ఉండేది. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటుతుంటే బస్సులో సగం మంది కిటికీల వైపు తిరిగి దండం పెట్టుకున్నారు. పనిలో పనిగా నేనూ పెట్టుకున్నాను.

గద్వాలలో నర్సింహులు భార్య ఈరమ్మ చెల్లెలింట్లో నా బస. ఈరమ్మ కూడా చీరతో పాటు రాజోలి నుంచి వచ్చింది. ఈ చీరకు ప్రాణం పెట్టింది ఆవిడే. పట్టునూలు అద్దకం మార్పించి, మగ్గమెక్కించే ముందు రంగు దిగకుండా నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతికి ఉతికి ఆరేసిందట. నేను సాయంత్రం కూర్చుని కొంగుకు కుచ్చులు కట్టాను. కుంకుమ రంగు అంచు, మల్లెపూవు లాంటి ఒళ్ళు. నా చేతిలోంచి ఎన్ని చీరలు పోయాయో గానీ, దీన్ని మడిచి ఇచ్చేయడానికి మనసు రాలేదు.

"దిగంగనే ఫోన్ చెయ్యి. రంగు నిల్చిందో లేదో ముందుగాల నాకే చెప్పాలె," అని ఈరమ్మ మొగుడికి పదిసార్లు చెప్పింది. ఆ ఫోను మధ్యలో ఆగిపోతుందేమోనని గద్వాల బజారులో అతను కొత్తగా పవర్ బ్యాంకు కొన్నాడు. పేరు లేని సరుకు, కానీ ఇటుకంత బరువుంది. బరువుంటే గట్టిదని అతని లెక్క.

మర్నాడు తెల్లవారుజామున గద్వాలలో రైలెక్కి షాద్‌నగర్‌లో దిగాం. అక్కడి నుంచి బస్సులో శంషాబాద్. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట: విమానాశ్రయంలో చాయ్ తాగాలనుకోకండి, షాద్‌నగర్‌లోనే తాగిపోండి. లగేజీ ఇచ్చే చోట కౌంటరు అమ్మాయి "పెట్టెలో పవర్ బ్యాంకు గానీ, బ్యాటరీలు గానీ ఉన్నాయా?" అని అడిగింది. ఉందన్నాం. తీసి చేతి సంచిలో పెట్టుకోమంది. ఎందుకని అడగకుండా ఉంటే నేను నేనే కాదు. "కింద సామాన్ల గదిలో అది అంటుకుంటే చూసేవాళ్ళుండరమ్మా. పైన మీ దగ్గరుంటే కనిపిస్తుంది, ఆర్పొచ్చు," అంది. విమానంలో మంట! నా కళ్ళు పెద్దవయ్యాయి. నర్సింహులు మాత్రం బుద్ధిగా పవర్ బ్యాంకు తీసి, చీర ఉన్న చేతి సంచిలో వేసుకున్నాడు.

విమానంలో నా సీటు కిటికీ పక్కనే దొరికింది. ఇంకేం కావాలి! రెక్క కొసన కదిలే ముక్కలేమిటో, చెవులెందుకు మూసుకుపోతాయో, విమానంలో పనిచేసే అమ్మాయి నడుముకు బెల్టు ఎందుకు పెట్టి చూపిస్తోందో ప్రతిదీ అడిగాను. జవాబులు చెప్పిన ఆ అమ్మాయి సన్నగా, జుట్టు బిగించి ముడి వేసుకుని ఉంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మైకులో హిందీలో చెప్పారు, పవర్ బ్యాంకులు పైన అరలో పెట్టొద్దు, కళ్ళముందు ఉంచుకోండి, వాటితో చార్జింగు పెట్టొద్దు అని. నేను నర్సింహులుకు తెలుగులో చెప్పాను.

"నాది పైన చీర నడుమ మెత్తగ పెట్టిన గదక్కా. ఏడ తగల్దు, దెబ్బ తినదు," అన్నాడు.

నాకూ అది సబబే అనిపించింది. మా వైపు గాజులైనా, అద్దమైనా, పటమైనా బట్టల మధ్యలో పెడితేనే భద్రం. బట్టలో పెట్టిన వస్తువుకు గాలాడదనీ, వేడి పుడితే బయటికి పోయే దారుండదనీ ఇద్దరికీ తట్టలేదు. ఫోనును వైరుతో దానికి తగిలించి, రెండిటినీ కలిపి పాత పంచెలో చుట్టి, చీర మడతల్లో దూర్చాడన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఢిల్లీ ఇంకో అరగంట ఉందనగా నాకొక వాసన తగిలింది. బట్ట కాలితే నేను చెప్పగలను. పట్టయితే వెంట్రుకలు కాలిన కంపు, నూలయితే కాగితం కాలిన వాసన. ఇది రెండూ కాదు. కొంచెం తియ్యగా, గొంతులో గీరినట్టు ఉంది. తలెత్తి చూస్తే మా పై అర సందులోంచి బూడిదరంగు పొగ సన్నగా దిగుతోంది.

"అయ్యో, నా చీర!" అని నర్సింహులు లేచి అర మూత మీద చెయ్యి వేశాడు. ఆ సన్నటి అమ్మాయి ఎక్కడి నుంచి వచ్చిందో, అతని మణికట్టు పట్టి కిందికి లాగింది. "హాథ్ మత్ లగాయియే!" అని గట్టిగా అరిచింది. చెయ్యి పెట్టొద్దంట అని నేను తెలుగులో అరిచాను. మా వరుసవాళ్ళందరినీ వెనక్కి తోలారు. విమానంలో పనిచేసే ఇంకొకతను మంటలార్పే ఎర్ర సిలిండరు తెచ్చాడు. అర మూత కొంచెమే తెరిచి లోపలికి కొట్టాడు. మంట పోయింది. పొగ మాత్రం ఆగలేదు. అప్పుడు ఆ అమ్మాయి నీళ్ళ సీసాలు తెప్పించింది. ఒకటి తర్వాత ఒకటి మూత తీసి సంచి మీద కుమ్మరించడం మొదలుపెట్టింది.

"నీళ్లొద్దు తల్లీ! చీర తడవొద్దు! ఒక్క నిమిషం, నేను గుంజి తీస్త!" అని నర్సింహులు మొత్తుకున్నాడు. నేను హిందీలో చెప్పాను, అందులో చీర ఉంది, ఇతని బతుకు ఆ చీర మీదుంది అని. ఆమె పోయడం ఆపలేదు. మా వైపు తిరగకుండానే చెప్పింది: మంట ఆరినా బ్యాటరీ లోపల వేడి పోదు, మళ్ళీ అంటుకుంటుంది, చల్లబడేదాకా కదిలించకూడదు, ముందు మనుషులు. ఎవరో ఐసు వేయమన్నారు. ఐసు పెడితే పైన కప్పినట్టయి వేడి లోపలే ఉండిపోతుంది, నీళ్ళే పోయాలంది. ఆ గడబిడలోనూ నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. చివరి సీసాలు ఆమె ఎడమచేత్తో పోసింది. కుడిచెయ్యి నడుము వెనక్కి పెట్టుకుంది. అది కూడా చూశాను.

కొంతసేపటికి పొగ ఆగింది. తర్వాత ఇంకొకతను లావాటి చేతిగ్లౌజులు తొడుక్కుని, సంచిలోంచి నల్లటి ముద్దను తీశాడు. నీళ్ళు నింపిన డబ్బాలో దాన్ని ముంచి, దాని ముందే కాపలా కూర్చున్నాడు. తడిసిన సంచిని అక్కడే ఉంచి, దిగేదాకా ఎవరూ ముట్టొద్దన్నారు. నర్సింహులు వెనక సీటులో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ సంచినే చూస్తూ కూర్చున్నాడు. ఢిల్లీ ఆవిడ తన దుకాణంలో చీరను ఒక కొసన తడిపి చూద్దామనుకుంది. ఇక్కడ చీర మొత్తం నీళ్ళలో నాని, ఎర్ర మడత తెల్ల మడతకు అతుక్కుని, ముద్దగా పడి ఉంది. ఇంతకంటే ఘోరంగా ఎవరైనా తడపగలరా?

"పోయిందక్కా. ఈరమ్మకు ఏం చెప్పాలె?" అన్నాడు.  

దిగాక విమానం చుట్టూ మంటలార్పే నీళ్ళబండ్లు నిలబడ్డాయి. అందరూ వెళ్ళాక మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారు. ఎక్కడ కొన్నారు, ఎందుకు చుట్టారు, చెప్పిన మాట ఎందుకు వినలేదు. ఉన్నదున్నట్టు చెప్పాం. బాగా చీవాట్లు తిన్నాక, జరిగింది కాగితం మీద రాసిచ్చి, సంచి తీసుకున్నాం. అక్కడే నేల మీద కూర్చుని నర్సింహులు చీర విప్పాడు. కొంగు కొస నల్లగా కాలింది. నేను కట్టిన కుచ్చుల్లో సగం లేవు. ఫోను వంకరపోయింది. ఇద్దరం మడత మీద మడత తీశాం. ఎర్రంచు తెల్ల నూలును కలిసే చోట గీత గీసినట్టు ఉంది. ఒక్క చుక్క దిగలేదు. నర్సింహులు ఆ తడి చీర మొహానికి అద్దుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

దుకాణమావిడ చీరను దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. జరిగిందంతా వింది. ఇక నేను తడపక్కర్లేదు, ఇట్లాంటివే నేయండి అంది. కాలిన చీర మాకే తిరిగి ఇచ్చేసింది. ఆ రాత్రి ధర్మశాలలో పప్పూ రొట్టే తిన్నాం. ఈరమ్మ నంబరు కాలిపోయిన ఫోనులోనే ఉంది, అతనికి నోటికి రాదు, నా ఫోనులోనూ లేదు. కబురు చెప్పే దారే లేదు.

తిరుగు విమానంలో ఆ అమ్మాయి లేదు. నర్సింహులుకు ఈసారి ఏ బ్యాటరీ లేదు. నా ఫోను నా చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. శంషాబాద్‌లో దిగాక నేను జడ్చర్ల, తిమ్మాజిపేట మీదుగా ఇంటికి పోవాలి. "నువ్వు రా అక్కా. కాలిన చీర చూస్తే ఈరమ్మ నన్ను బతకనియ్యదు," అని బతిమాలి రాజోలికి లాక్కెళ్ళాడు.

మధ్యాహ్నం మూడింటికి రాజోలి చేరాం. ఈరమ్మ గడపలోనే నిలబడి ఉంది. రెండు రోజులుగా నిద్ర లేని మొహం. "ఫోన్ ఎందుకు చెయ్యలే? పరేషాన్ అయి సచ్చిన," అని మొదలుపెట్టింది. నర్సింహులు చీర ఆమె చేతిలో పెట్టి, "రంగు నిల్చింది. పని ఒచ్చింది," అని, జరిగిందంతా గడగడా చెప్పేశాడు. మధ్యమధ్యలో నేను అందుకున్నాను. సిలిండరు ఎట్లా కొట్టారో, ఐసు ఎందుకు వద్దన్నారో, డబ్బాలో ఎట్లా ముంచారో ఒక్కటీ వదల్లేదు.

ఈరమ్మ చీర వైపు చూడనేలేదు.

"మనుషులందరు మంచిగ దిగిండ్రా?"

దిగారన్నాం.

"నీళ్లు పోసిన పిల్లకు? ఆ పిల్ల చెయ్యి గిట్ట కాల్లేదు గద?"

నర్సింహులు నా మొహం చూశాడు. ఆ ఎడమచెయ్యి, నడుము వెనక దాచుకున్న కుడిచెయ్యి నా కళ్ళముందు కదిలాయి. రెక్కల గురించి అడిగాను, చెవుల గురించి అడిగాను, నీళ్ళ గురించి అడిగాను. ఆమె చెయ్యి గురించి మాత్రం అడగలేదు.

"తెల్వదు ఈరమ్మా," అన్నాను.

"పేరన్నా అడిగినవా?"

అదీ అడగలేదు.  ఈరమ్మ లోపలికి పోయి కత్తెర తెచ్చి, కాలిన కొంగు కొసను తీరుగా కత్తిరించింది. చీర మడిచి నా ఒళ్ళో పెట్టింది. "దీనికి మంచిగ అంచు కుట్టక్కా. కుచ్చులు మల్ల కట్టు. ఆ పిల్ల దొరికితే ఇయ్యి, దొరకకుంటే దొరికేదాక నీ తాన్నే ఉంచు," అంది.

రాజోలి నుంచి గద్వాల, గద్వాల నుంచి వనపర్తి, వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు, మూడు బస్సుల్లోనూ ఆ చీరను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. ఈ దారిన విమానమెక్కే వాళ్ళు పవర్ బ్యాంకును బట్టల్లో చుట్టొద్దు, పైన పెట్టొద్దు, కళ్ళముందు ఉంచుకోండి. వేడెక్కితే మీరు ముట్టుకోకుండా విమానంలో పనిచేసే పిల్లలను పిలవండి. సన్నగా, జుట్టు బిగించి ముడి వేసుకున్న అమ్మాయి గనక వస్తే, ముందు ఆమె కుడిచెయ్యి ఎట్లా ఉందో అడగండి. తర్వాత పేరు అడిగి నాకు చెప్పండి. ఆమె చీరకు కుచ్చులు కట్టడం అయిపోయింది.