గుమ్మడికాయ పగిలిన వీధిలో మా సైకిళ్లు

చింతామణి బజారులో బట్టల అంగళ్లకు ఎదురుగా ఒక పొడవాటి గోడ ఉండేది. పల్లెల నుంచి వచ్చినవాళ్లంతా సైకిళ్లను ఆ గోడకే ఆనించి సరుకులకు పోయేవారు. హైస్కూల్లో పాఠాలు చెప్పుకునే నేను కూడా రోజూ సాయంత్రం అక్కడే ఆనించేవాణ్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఒక పొద్దున ఆ గోడ మీద కన్నడంలో రాసిన ఒక నోటీసు పలక కనిపించింది. అక్కడ ఇకమీదట కార్లు మాత్రమే నిలపాలట. ఆ సాయంత్రం నేను కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి నా సైకిలు మురికికాలువ పక్కన పడి ఉంది. హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోయింది. ఎవరు పడేశారో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. అడగడం నేనూ మానలేదు.

పురసభ కచేరికి, అంటే మునిసిపాలిటీ ఆఫీసుకు, పోయి అడిగితే, అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఏమప్పా మేష్ట్రూ, ఇంకా సైకిల్లోనే తిరగతాండావా? సంబళం బాగానే వస్తాది కదా, ఒక బండి తీసుకోరాదా?"

"నేను బండి సంగతి అడగలేదు. గోడ సంగతి అడిగినాను."

"గోడ యాడికీ పోలేదు లేప్పా, ఆడనే ఉండాది."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నవ్విన ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి. వాళ్లలో ఒకాయన తర్వాత ఎప్పుడో తన కొడుకు చదువు గురించి మాట్లాడాలని మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నాను. కాఫీ మాత్రం ఇవ్వలేదు.

నాది వట్టి పట్టుదల అనుకున్నారు చాలామంది. కానీ ఆ గోడ పోయినందువల్ల నిజంగా దెబ్బ తిన్నవాడు నా స్నేహితుడు. మేమిద్దరం ఒకే శాలెలో చదువుకున్నాం. వాడు ఆ బజారులోనే ఒక ఇరుకు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. వాడి దగ్గర కుట్టించుకునేవాళ్లందరూ సైకిళ్ల మీద వచ్చే పల్లెవాళ్లే. సైకిలు పెట్టుకునే చోటు లేకపోయేసరికి వాళ్లు ఊరి మొదట్లో ఉన్న దర్జీల దగ్గరే ఆగిపోవడం మొదలుపెట్టారు. వాడి మిషను చప్పుడు తగ్గిపోయింది. ఆ గోడ తిరిగి రాకపోతే వాడు అంగడి మూయాల్సిందే.

గుంపుగా తిరగాలనే ఆలోచన కూడా వాడిదే. "ఒక్కొక్కరే పోతే కాలవలో పడేస్తారు. అందరం కలిసి పోదాం, ఎట్ల పడేస్తారో చూస్తాం" అన్నాడు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఊరి చివర కిరాణా అంగడి దగ్గర కలుసుకుని, బజారంతా నెమ్మదిగా తిరిగి, ఆ తర్వాత బాగేపల్లి దారిలో మురుగమల్ల దాకా పోయి వచ్చేవాళ్లం. బజారులో మా వెనక కార్లు హారను కొట్టేవి. మేము పక్కకు తప్పుకునేవాళ్లం కాదు. బస్సు కిటికీలోంచి ఎవడో ఒకడు అరిచేవాడు: "ఏమప్పా, పెట్రోలు అయిపోయిందా అందరికీ?" నా స్నేహితుడు వెంటనే జవాబు చెప్పేవాడు: "మాకెందుకు అయిపోతాదప్పా, రాగిసంగటి తిని వచ్చినాం!" బస్సులో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. నాకు అలాంటి జవాబులు అప్పటికప్పుడు రావు. ఇంటికి పోయాక వస్తాయి.

ఒకసారి చిక్కబళ్లాపురం దాకా పోయాం. అక్కడ పెద్ద రోడ్డును ఇంకా వెడల్పు చేస్తున్నారు. లారీల దుమ్ములో మాకు రోడ్డు అంచు కూడా మిగల్లేదు. ఇంకొకసారి బాగేపల్లికి పోయి మా అక్క ఇంటి ముందు దిగాం. మా బావ బయటికి వచ్చి చూసి, "సైకిలు లోపలికి తోసెయ్యప్పా, ఎవరన్నా చూస్తారు" అన్నాడు. ఆ రోజు వాళ్లింట్లో నేను భోజనానికి కూర్చోలేదు. అక్క ఎంత బతిమాలినా నీళ్లు మాత్రం తాగి వచ్చేశాను. తర్వాత జరిగిన వాళ్ల గృహప్రవేశానికి కూడా నీళ్లే తాగాను.

వానాకాలం వెళ్లేసరికి మా గుంపు పెరిగింది. ఆఖరికి పురసభలో ఒక పెద్దమనిషి నా స్నేహితుణ్ని పిలిపించి మాట ఇచ్చాడు: "ఊరు మీ పక్క ఉండాదని తెలియనీ, దసరా అయిపోయినాక సగం గోడ సైకిళ్లకు వదిలేస్తాం." నన్ను పిలవలేదు. ఎందుకు పిలవలేదో నాకు తెలుసు.

ఊరంతా బయటికి వచ్చే రోజు ఆయుధ పూజ. మా వైపు ఆ రోజు కత్తెర నుంచి లారీ దాకా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూలు కట్టి పూజ చేస్తారు. చిన్నప్పుడు అంగళ్ల ముందు ఆ పూజకు వరుసగా నిలబడేవి సైకిళ్లే. ఇప్పుడు ఆ వరుసలో కార్లు ఉన్నాయి. అందుకని ఆ రోజే బజారులో తిరగాలని అందరూ అనుకున్నారు.

సైకిళ్లను మెరిసేలా తుడిచి, హ్యాండిళ్లకు అరటిపిలకలు, చామంతి దండలు కట్టాం. ముందు సైకిలుకు "ఈ గోడ సైకిళ్లది" అని పెద్ద అక్షరాలతో రాసిన అట్ట కట్టాం. బయలుదేరాక చూస్తే అరటాకులు వాలి ఆ అట్టను పూర్తిగా కప్పేశాయి. ఆడవాళ్లు గడపల ముందు నీళ్లు చల్లి మాకు హారతులు పట్టారు. బొరుగులు చేతుల్లో పోశారు. ఒక ముసలామె నా స్నేహితుణ్ని ఆపింది.

"యా ఊరి ఉత్సవమప్పా ఇది? దేవుడు యాడ, వెనకాల వస్తాండాడా?"

"దేవుడు లేడమ్మా. గోడ కోసరం పోతాండాం."

"గోడకూ పూజేనా? చెయ్యండప్పా, మంచిదే."

నాకు ఒళ్లు మండింది. ఆకులు పీకేద్దామన్నాను. "పండగ పూట పచ్చని ఆకు పీకుతారా ఎవరన్నా? ఊరంతా నవ్వుతాండాది, నవ్వనీలేప్పా" అన్నాడు వాడు. అంత సంతోషంగా వాణ్ని నేను మళ్లీ చూడలేదు.

ఆ గోడ దగ్గర నూనె మిల్లు యజమాని తన కొత్త కారుకు పూజ చేయిస్తున్నాడు. ఆ పలక పెట్టించింది ఆయనే అని నా నమ్మకం. రుజువు లేదు. మేము దగ్గరికి వచ్చేసరికి ఆయన కారుకు దిష్టి తీసి, కుంకుమ నింపిన బూడిదగుమ్మడికాయను రోడ్డు మధ్య పగలగొట్టాడు. పగలగొట్టినవాళ్లు ఆ ముక్కలను ముట్టరు, పక్కకు నెట్టరు. వేరేవాళ్ల దిష్టి తొక్కకూడదని మాకందరికీ చిన్నప్పటి నుంచీ భయం. ముందున్న నా స్నేహితుడు పెద్ద ముక్క తన చక్రం కింద పడబోతోందని ఒక్కసారిగా బ్రేకు పట్టి పక్కకు తిప్పాడు. తొక్కి నేరుగా పోయి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. తడి గుజ్జు మీద చక్రం జారింది. వాడు రోడ్డు మీద పడ్డాడు, మోకాలు సైకిలు కింద నలిగింది. వెనకున్నవాళ్లందరూ కూడా ముక్కలు తప్పించబోయి ఒకరి మీద ఒకరు పడ్డారు.

ముందుగా పరిగెత్తి వచ్చింది మిల్లు యజమానే. వాణ్ని చేతుల మీద ఎత్తి, పూలు కట్టిన కారులో పడుకోబెట్టాడు. నేను ఎక్కబోతే, "నువ్వు సైకిళ్లు చూసుకోప్పా" అని తలుపు వేశాడు. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు టప్పున పగిలాయి. కారు వెళ్లిపోయింది. నేను రెండు సైకిళ్లు పట్టుకుని ఆ గోడ పక్కన నిలబడిపోయాను. ఆ మాట ఆయన తొందరలోనే అన్నాడని తెలుసు. అయినా మరిచిపోలేదు.

దసరా తర్వాత పురసభ పెద్దమనిషి మాట మార్చేశాడు. గుంపులు కట్టి తిరిగితే ఇట్లే కాళ్లు విరుగుతాయన్నాడు. సగం గోడ కాదు కదా, జానెడు కూడా రాలేదు. పోలీసులు మా గుంపులోవాళ్లను పిలిచి హెచ్చరించారు. ఒక్కొక్కరే మానేశారు.

ఆ తర్వాతి ఆదివారం నేను కిరాణా అంగడి దగ్గరికి పోయాను. ఎవరూ రాలేదు. కాసేపటికి మిల్లు యజమాని కారు వచ్చి ఆగింది. వెనక సీటులో, కట్టు కట్టిన కాలు చాపుకుని నా స్నేహితుడు కూర్చుని ఉన్నాడు.

"ఇంక చాలు కదప్పా" అన్నాడు.

"నువ్వా ఈ మాట అనేది?"

"నేనే అంటాండాను. ఈయప్ప రోజూ నన్ను ఆస్పత్రికి తీసకపోతాండాడు. నువ్వు సైకిల్లో కూర్చోబెట్టి తీసకపోతావా?"

"అంగడి ఏం చేస్తావు?"

"ఈ కాలితో మిషను తొక్కేదెట్ల? మిల్లులో కూర్చునే పని చూస్తానన్నాడు ఈయప్ప."

మిల్లు యజమాని కిందికి దిగాడు. "సైకిలు డిక్కీలో కట్టేద్దాం, రాప్పా మేష్ట్రూ. మురుగమల్లకు కారులోనే పోదాం" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఎగతాళి ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేది.

నేను సైకిలెక్కి బయలుదేరాను. వెనక కారు కదిలిన శబ్దం వినిపించింది. దాటి వెళ్లిపోతుందనుకున్నాను. దాటలేదు. నా వెనకే, నేను పోయినంత నెమ్మదిగా వచ్చింది. దాని వెనక వేరే బండ్లు హారను కొడుతూనే ఉన్నాయి. ఆ కారు మాత్రం ఒక్కసారి కూడా కొట్టలేదు. మధ్యలో నా స్నేహితుడి గొంతు వినిపించింది: "మెల్లగా పోప్పా, ముందర గుంతలుండాయి."

నేను తిరిగి చూడలేదు. ఆ రోజు నా వెనక వచ్చిన గుంపు ఆ కారు ఒక్కటే. మురుగమల్ల ఇంకా దూరం ఉండగానే కారు శబ్దం వెనక్కి మళ్లి దూరమైపోయింది. అప్పుడు ఆగి చూశాను. దారి ఖాళీగా ఉంది.