తువ్వాల కింది చెయ్యి

పత్తి మిల్లు యంత్రంలో రెండు వేళ్లు పోయినప్పటి నుంచీ మట్టెవాడ యోసేపు కుడిచేతికి తువ్వాల కప్పుకునే తిరుగుతాడు. చాయ్ కూడా ఎడమచేత్తోనే తాగుతాడు. పరిహారం కోసం కేసు వేయించింది భార్య లిదియా. మిల్లు ఓనరు యోసేపు వాళ్ల చర్చికి పెద్ద, దవాఖానకొచ్చి ప్రార్థన చేసి పోయినవాడు. "అన్నం పెట్టినాయన మీద కేసేందే, ఇజ్జత్ పోతాంది," అన్నాడు యోసేపు. "పెట్టిన అన్నం ఏ చేత్తోని తింటవ్ మరి?" అందామె.

విచారణ రోజు లేబర్ ఆఫీసులోకి ఓనరు, "జర గీరుకపోయింది సార్, గంతే," అంటూనే అడుగుపెట్టాడు. ఆదివారం చర్చిలో లేచినట్టే యోసేపు లేచి, "వందనాలన్నా," అని రెండు చేతులూ జోడించాడు. తువ్వాల జారిపడింది. ఆఫీసరు చూపు ఆ మొండి వేళ్ల మీదే ఆగిపోయింది. ఓనరు తిరిగి వందనం చెప్పలేదు. యోసేపు సిగ్గుతో తువ్వాల కోసం వంగాడు. దాని మీద లిదియా కాలు పెట్టి నిలబడి ఉంది.