కాంటా సార్ సైరన్

కాంటా సార్ పోయారన్న కబురు మాకు కాంటా సార్ ఫోన్ నుంచే వచ్చింది.

ఆ పొద్దున ఆరింటికి, రోజూ వచ్చినట్టే, ఆయన పేరుతో మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. "సైరన్ కొట్టింది. అందరు లేసిండ్రా?" రోజూ పెట్టినట్టే మేమంతా దాని కింద "హాజర్" అని పెట్టాం. నేనైతే పళ్లు తోముకుంటూ ఎడమచేత్తో పెట్టాను. ఏడున్నరకు అదే పేరుతో ఇంకో మెసేజ్. "నేను ఈ ఫోన్ ఆయన బిడ్డను. బాపు మొన్న పోయిండు. ఈ పొద్దుగాల మెసేజ్ ఎట్ల ఆపాల్నో ఎవరన్న చెప్పుండ్రి. సూస్తే పానం గుంజుతుంది."

ఎలా ఆపాలో ఆ గ్రూపులో తెలిసింది నాకొక్కదానికే. పెట్టించింది నేనే కనక.

మా గ్రూపు సంగతి మీకు కొంచెం చెప్పాలి. మూడు నాలుగు వందల మందిమి ఉంటాం. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, బాల్కొండ వాళ్లే ఎక్కువ, దుబాయ్ పోయినవాళ్లు కొందరు. ఏ ఫోన్ కొనాలి, చార్జర్ ఎందుకు వేడెక్కుతోంది, ఏ ఆటలో ఎవడు మోసం చేశాడు, ఏ సినిమాకు పోయి తల నొప్పి తెచ్చుకున్నాం, ఇవ్వాళ ఎవరింట్లో ఏం కూర, ఇవే ముచ్చట్లు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. కాంటా సార్ ఫోటో ఉండాల్సిన చోట కూడా ఒక పాత కాంటా బొమ్మ ఉండేది. చెరుకు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్‌లో బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేశారాయన. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది, ఆయన మాత్రం ఆ కాంటా దిగలేదు.

ఎవరైనా కొత్త ఫోన్ సంగతి తెస్తే మేమంతా కెమెరా ఎట్లుంది, బ్యాటరీ ఎంత అని పడితే ఆయన ఒకటే అడిగేవారు. "బరువెంత?" ఆ ఒక్క మాటకు అందరం నవ్వేవాళ్లం. కానీ నిజం చెప్పొద్దూ, ఇప్పుడు నేను కూడా షాపులో ఫోన్ తీసుకోగానే ముందు అరచేతిలో పెట్టుకుని ఊపి చూస్తున్నాను.

నాకు కోపం ఎక్కువ. నేను నిజామాబాద్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, ఒక్కదాన్నే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాను. పొద్దంతా పిల్లల మీద అరిచి, మిగిలింది గ్రూపులో అరుస్తాను. అలాంటప్పుడు సార్ పెట్టే మాట ఒకటుంది. "బండి బరువు తీసి చెప్పు బిడ్డా." చెరుకు బండిని నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి తూస్తారట. ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే చెరుకు. నా మాటలో కోపం తీసేస్తే అసలు సంగతి ఎంతో చెప్పమని ఆయన అడగడం. చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు. అది ఒప్పుకోవడం ఇష్టం లేక ఇంకో నాలుగు మాటలు అనేదాన్ని.

ఆ "హాజర్" అలవాటు చేసింది కూడా ఆయనే. ఫ్యాక్టరీ సైరన్ పోయాక బోధన్‌లో పొద్దు ఎప్పుడు మొదలైతుందో తెలుస్తలేదని, ఇగ నేనే కొడతానని ఒక రోజు ప్రకటించారు. మేం వేళాకోళం అనుకున్నాం. మర్నాడు ఆరింటికి కొట్టారు. ఆ మర్నాడూ కొట్టారు. హాజర్ పెట్టనివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకునేవారట. మూడో రోజు కూడా పెట్టకపోతే ఫోన్ చేసేవారు.

ఎందుకు సార్ ఇదంతా, అందరూ పెద్దవాళ్లే కదా అని నేను ఒకసారి విసుక్కున్నాను. అప్పుడు చెప్పారు. సీజన్‌లో చెరుకు బండ్లు కాంటా ముందర ఊరవతల దాకా లైన్ కట్టేవట. రెండేసి రోజులు లైన్లోనే తిండి, లైన్లోనే నిద్ర.

"ముందటి బండి కదల్తలేదంటే హారన్ కొట్టుడు కాదు బిడ్డా. దిగి పోయి సూడాలె. బండాయన పండుకున్నడో, పానం బాగ లేదో ఎవలికెరుక? రెండు దినాలంటే ఊరికి పోయిండు, సార్జింగ్ లేదు అనుకుందం. మూడో దినం గూడ హాజర్ లేదంటే దిగాలె."

నా కోసం ఒకసారి దిగారు. గ్రూపులో ఎవరితోనో తగువు పడి నేను మూతి ముడుచుకున్నానని అంతా అనుకున్నారు. నిజానికి టైఫాయిడ్. మూడో రోజు మధ్యాహ్నం తెలియని నంబర్ నుంచి ఫోన్.

"బిడ్డా, కాంటా కాడికెల్లి మాట్లాడుతున్న. నీ బండి కదుల్తలేదు. ఏమైంది?"

"ఏం కాలేదు సార్, నన్ను పండుకోనియ్యుండ్రి," అని కసిరాను.

"గొంతు గట్లెందుకుంది? ఏమన్న తిన్నవా?"

తినలేదని చెప్పడానికి కూడా ఓపిక లేక ఏడ్చాను. మా అమ్మ పోయాక తిన్నవా అని నన్ను అడిగినవాళ్లు ఎవరూ లేరు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, బస్టాండ్‌కు బోధన్ బస్సు వస్తుంది, కండక్టర్‌ను అడుగు అన్నారు. మా ఇంటి ఓనర్ పోయి తెచ్చారు. స్టీలు డబ్బాలో గంజి, పైన చిన్న గిన్నెలో మామిడి తొక్కు. కండక్టర్ ఆయనకు ఎలా తెలుసో, ఏమని ఒప్పించారో నేను అడగలేదు. డబ్బా తిరిగి ఇవ్వడానికైనా ఒకసారి బోధన్ రావాలె అన్నారు. వస్తా వస్తా అన్నాను. గంట ప్రయాణం కూడా లేదు. నాలుగేళ్లయింది, పోలేదు. ఆ డబ్బాలో నేను పప్పు పోసుకుంటున్నాను.

అట్లని మేం కలిసి తిరగలేదనుకోకండి. కొన్ని వందల మైళ్లు తిరిగాం. లారీలు నడిపే ఆట ఒకటుంది, నలుగురం ఒకేసారి ఆడొచ్చు. ఆ ఒక్క ఆటే ఆయన ఆడేవారు. సార్ లారీ నలభై దాటేది కాదు. ఎవరూ లేని రోడ్డు మీద కూడా మలుపు రాగానే ఇండికేటర్ వేసేవారు. మోర్తాడ్‌లో పసుపు పండించే అన్న ఒకాయన మాతో ఆడేవాడు, బోరు మోటర్ పక్కన కూర్చుని.

"సారూ, మీ ముందట ఎడ్లబండి పోతుంది, దాన్నన్న దాటుండ్రి!" అనేవాడు.

"లైన్ల దాటుడు లేదు తమ్మీ," అనేవారు సార్.

దారిలో కాంటా వస్తే మేం తప్పించుకుని పోయేవాళ్లం. ఆయన మాత్రం ప్రతి కాంటా ముందూ ఆగి, ఇండికేటర్ వేసి, తూకం అయ్యేదాకా కదిలేవారు కాదు. "లోడ్ సూడకుంటనే వదిలిండు వీడు, ఏం డ్యూటీ చేస్తుండు?" అని ఆటలో మనిషి మీద నిజంగానే కోపం చేసేవారు. ఆ ఆటలో ఎవరి లారీ ఎక్కడ ఆపి పోతే అక్కడే నిలబడి ఉంటుంది, మళ్లీ వాళ్లు వచ్చేదాకా. రోజూ సార్ లారీ ఏదో ఒక కాంటా దగ్గర కనిపించేది.

ఇక నేను చేసిన పని. పోయిన ఏడాది ఆయనకు కంటి ఆపరేషన్ పడింది. నెల రోజులు ఫోన్ చూడొద్దన్నారు డాక్టర్లు. ముందు రోజు నాకు ఫోన్ చేశారు. "బిడ్డా, ఈ నెల సైరన్ నువ్వు కొట్టు." ఆరింటికి లేవడమా, నేనా? ఎక్కడ ఏం నొక్కాలో ఫోన్‌లోనే చెప్పి, రోజూ ఆరింటికి ఆ మాట దానంతట అదే పోయేలా ఆయన చేతే పెట్టించాను. ఎంత తెలివి నాకు!

"అంటే నేను లేవకున్నా కొడ్తదా?"

"కొడ్తది సార్. మీరు హాయిగ పండుకోండ్రి."

"గిదేం సైరన్ బిడ్డా," అన్నారు. "ఫ్యాక్టరీల సైరన్ కొట్టాల్నంటే ఒక మనిషి లేసి పోయేటోడు."

కట్టు విప్పాక కూడా దాన్ని తీసేయలేదు. నేను గుర్తు చేయలేదు, ఆయన అడగలేదు. కాకపోతే ఆ రోజు నుంచి తన సైరన్ కింద తాను కూడా "హాజర్" పెట్టడం మొదలుపెట్టారు. మీ సైరన్‌కు మీరే హాజరా అని మోర్తాడ్ అన్న ఎగతాళి చేస్తే, "సైరన్ వేరు, నేను వేరు తమ్మీ" అన్నారు. అందరం నవ్వే బొమ్మలు పెట్టాం.

ఆయన బిడ్డ మెసేజ్ చదివాక నేను గ్రూపును పైకి జరుపుకుంటూ పోయాను. ఇవ్వాళ సార్ హాజర్ లేదు. నిన్న లేదు. మొన్న లేదు. తొమ్మిది రోజులు లేదు. తొమ్మిది పొద్దులూ ఆరింటికి ఆయన పేరు మా కళ్ల ముందుకు వస్తూనే ఉంది, అందుకే ఆయన లేరని ఎవరికీ తట్టలేదు. కాలేజీలో పరీక్షలని నేను ఆట ముట్టలేదు. మోర్తాడ్ అన్నకు ఫోన్ చేశాను.

"నేను సూసిన చెల్లె," అన్నాడు. "సార్ లారీ కాంటా కాడ నిలబడ్డది. రెండు సార్లు హారన్ కొట్టిన. చాయ్ తాగుతుండచ్చు అనుకుని పక్కకెల్లి పోయిన."

మర్నాడు బోధన్ పోయాను. డబ్బా తీసుకుపోవాలని ముందు రోజే కడిగి పెట్టుకుని, బస్సెక్కాక చూసుకుంటే మర్చిపోయాను. ఇల్లు చిన్నది. గోడకు ఆయన ఫోటో, దండ. మనిషిని మొదటిసారి చూడటం అట్లా చూశాను. ఇంత బక్కగా ఉంటారనుకోలేదు. ఆ గొంతుకు పెద్ద మనిషిని ఊహించుకున్నాను.

నాందేడ్ దగ్గర ఉంటుందట ఆయన బిడ్డ. నన్ను చూసి, "కంప్యూటర్ పంతులమ్మవు నువ్వేనా చెల్లె? కోపం చేస్తవట," అని కొంచెం నవ్వింది. నీళ్లిచ్చి, పక్కన కూర్చుని చెప్పింది. జ్వరమొచ్చి నాలుగు రోజులు ఇంట్లోనే పడుకున్నారు. పక్కింటావిడ గంజి కాచి ఇచ్చింది. బిడ్డకు ఫోన్ చేస్తానంటే వద్దు, పని మీద ఉంటది అన్నారు. నాలుగో రోజు ఆ పక్కింటావిడే ఊరుకోలేక చేసింది. నిజామాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయారు. మూడు రోజులు ఉన్నారు. మా గదికి రెండు గల్లీల అవతల.

"ఫోన్ ఛాతి మీద పెట్టుకుని పండుకున్నడట చెల్లె. పక్కింటామె తీస్తనంటే తియ్యనియ్యలే. మూడో దినం మావోల్లు ఫోన్ చేస్తరు అన్నడట."

ఆమె నన్ను అనాలని చెప్పలేదు. నేను మీకు చెప్తున్నట్టే జరిగింది చెప్పింది. నేను తల ఎత్తలేకపోయాను.

తనంతట తాను చేయకూడదా అంటారా? చేయరు. మూడొందల మంది మంచిచెడ్డ అడిగే మనిషికి తన సంగతి ఎవరికైనా చెప్పడం నామోషీ. ఎవరో ఒకరు దిగి వచ్చి అడగాలి. అడుగుతారని మూడు రోజులు చూశారు. నాలుగో రోజు కూడా చూశారు.

ఆమె సార్ ఫోన్ నా చేతికిచ్చింది. బరువు చూశాను, అలవాటు కొద్దీ. ఆ మెసేజ్ ఆపేశాను. ఒక్క నొక్కు. నేనేదో పెద్ద పని చేసినట్టు ఆమె నా భుజం మీద చేయి వేసింది.

మరుసటి రోజు ఆరింటికి ముందే మెలకువ వచ్చింది. గ్రూపు తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఆరైంది. ఏమీ రాలేదు. చాలామంది ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనిపిస్తోంది. ఒక్కరూ ఏమీ రాయలేదు. ఆరుంబావు దాకా అట్లే ఉండి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను "హాజర్" అని కొట్టి, ఎవరికి పెట్టాలో తెలియక తుడిపేశాను.

బండి బరువు తీసి చెప్పమంటారు కదా సార్. నా తప్పు, నా ఏడుపు, నా మీద నా కోపం అన్నీ తీసేసి చూశాను. ఈసారి మిగిలింది. తిన్నవా అని అడిగే మనిషి లేడు.

ఆ మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి ఆట తెరిచాను. మోర్తాడ్ అన్న లేడు, ఎవరూ లేరు. రోడ్డు మీద నేనొక్కదాన్నే నలభైలో పోయాను. కాంటా దగ్గర సార్ లారీ నిలబడి ఉంది, వెనక ఇండికేటర్ కొట్టుకుంటోంది. దాని వెనక నా లారీ ఆపాను. వేలు హారన్ మీదికి పోయింది, తీసేసుకున్నాను. తెర మీద ఉన్న బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాను. లైట్లు వెలిగాయి, అద్దాలు తుడుచుకున్నాయి, బ్రేకులు బుస్సుమన్నాయి.

ఆ ఆటలో బండి దిగడానికి బటన్ లేదు.